గంట కొట్టేలోపు తినాలి

ఆ లాండ్రీలో మధ్యాహ్నం భోజనం ఎంతసేపన్నది గడియారం చెప్పదు, బట్టలుతికే పెద్ద మిషను చెబుతుంది. మిషను బట్టల్ని గిరగిరా తిప్పి పిండుతున్నంతసేపూ తినాలి. అది టింగుమని గంట కొట్టిందా, నోట్లో ముద్ద నోట్లో ఉండగానే పనిలోకి దూకాలి. దుప్పట్లు వేసిన రోజు కాస్త నిదానంగా నమలొచ్చు. చేతిరుమాళ్ల రోజు మింగడమే! ఉతికే పనంతా చూసేది యజమానురాలి అన్నయ్య. ఆయన పొద్దున వచ్చిన దుప్పట్లన్నీ మధ్యాహ్నానికని దాచిపెట్టేవాడు. ఈ కిటుకు చెల్లెలికి తెలియదనుకునేవాడు, పాపం.

ఆ చెల్లెల్ని ఊళ్లో అందరూ ఆవిరమ్మ అంటారు. పొద్దస్తమానం ఇస్త్రీ ఆవిరిలో ఉంటుందనీ, కోపం వస్తే తనే ఆవిరి కక్కుతుందనీ. ఆమె కూర్చుని తినగా చూసినవాళ్లు లేరు. ఇస్త్రీపెట్టె ఒక చేత్తో, ముద్ద ఒక చేత్తో కానిచ్చేస్తుంది.

ఆమెకి ఒక్కగానొక్క కూతురు, పదిహేడేళ్లది. సెలవుల్లో జీతానికి షాపులోనే కుదిరింది. ఆ పిల్ల చొక్కా మడత పెడుతుంటే ఆవిరమ్మకి కడుపు నిండిపోయేది. అంత పొందిగ్గా మడత పెట్టేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఈ షాపు ఎప్పటికైనా దీని చేతిలోనే పెట్టాలని మనసులో గట్టిగా అనుకుంది. అలాంటిది ఒకరోజు ఆ పిల్ల, "అమ్మా, సెలవులయ్యాక సాయంత్రాలు సందు చివర చెప్పుల షాపులో చేస్తాను. అక్కడ కాసేపు కూర్చోనిస్తారు" అని చల్లగా చెప్పింది. ఆవిరమ్మ గుండె జారిపోయింది. పైకి మాత్రం, "వెళ్లవే తల్లీ, ఎవరొద్దన్నారు?" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఒకాయన సిరా మరకపడ్డ చొక్కా పట్టుకుని లోపలికొచ్చాడు. సరిగ్గా అప్పుడే మిషను గంట కొట్టింది. ముగ్గురూ బుగ్గలు పూరించుకుని, క్యారేజీలు టపటపా మూసి తలో దిక్కుకీ పరుగెత్తారు.

"ఏమైందమ్మా? నిప్పంటుకుందా?" అన్నాడాయన బెదిరిపోయి.

"లేదండీ, భోజనాలయ్యాయి" అంది ఆవిరమ్మ, ముద్ద గొంతులోంచి కిందికి తోసి.

ఆమె ఖర్మకొద్దీ ఆయన లేబర్ ఆఫీసరు! సంగతంతా అడిగి తెలుసుకుని తల పట్టుకున్నాడు. "పనివాళ్లకి అరగంట ఇవ్వాలమ్మా. ఆ అరగంటలో పని చెప్పకూడదు, పిలవకూడదు. ఈ అమ్మాయికి పద్దెనిమిది కూడా నిండలేదు, చిన్నపిల్లల విషయంలో చట్టం ఇంకా గట్టిది. విరామం లేకుండా గంటల తరబడి నిలబెట్టడం కుదరదు."

"చిన్నపిల్లేంటండీ! నా కడుపున పుట్టింది!"

"మీ కడుపున పుట్టినా దాని కడుపు దానిదే కదమ్మా?"

అన్నయ్య తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు. ఆవిరమ్మకి ఒళ్లు మండింది. "మరి నా విరామం మాటేంటి? దానికీ ఉందా చట్టం?" అని నిలదీసింది. యజమానులకి అలాంటిదేం లేదని, అది ఆమె ఇష్టమని చెప్పి, రేపటి నుంచి మొదలెట్టమని చొక్కా ఇచ్చి వెళ్లిపోయాడాయన.

మర్నాడు తలుపు గడియపెట్టారు. ఉతికిన దుప్పట్ల మూటల మీద మామయ్యా మేనకోడలూ చేరగిలబడ్డారు. మామయ్య నాలుగు ముద్దలు నిదానంగా నమిలి ఆశ్చర్యపోయాడు.

"ఒసేయ్, మీ అత్త వంట ఇంత బాగుంటుందా? ఇవాళ వెళ్లి చెప్పాలి!"

"చెప్పకు మామయ్యా. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని తంతుంది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆవిరమ్మ మాత్రం నిలబడి ఇస్త్రీ చేస్తూనే ఉంది. నవ్వు ఆగాక చూస్తే కూతురి క్యారేజీ తెరిచినది తెరిచినట్టే ఉంది.

"తినవేమే? చట్టం నీకోసమేగా వచ్చింది!"

"నువ్వలా నిలబడి ఉంటే నాకు ముద్ద దిగదమ్మా. రోజూ ఇంతే. చూడలేకే చెప్పుల షాపుకి పోతానన్నాను."

ఆవిరమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, కొత్తచోటికి వచ్చినదానిలా మూట అంచున కూర్చుంది. కూతురు తన క్యారేజీలోంచే ఒక ముద్ద కలిపి తల్లి చేతిలో పెట్టింది.

అంతలో తలుపు దబదబా మోగింది. హోటలు మేనేజరు! ఆ షాపుకి ఆయన బల్లగుడ్డలే పెద్ద బేరం. ఆవిరమ్మ ఎగిరి లేచింది. కూతురు తన క్యారేజీ మీద మూత పెట్టేసింది. అది చూసి ఆవిరమ్మ గడియ తియ్యకుండా తలుపు అద్దంలోంచే కేకేసింది.

"భోంచేస్తున్నామండీ! అరగంటాగి రండి!"

"నా బల్లగుడ్డలో?"

"అవెక్కడికీ పారిపోవు!"

ఆయన మొహం గంటుపెట్టుకుని వెళ్లిపోయాడు. "అయ్యో, కొంప ముంచుకున్నాను కదరా అన్నయ్యా" అంటూ ఆవిరమ్మ కూలబడింది. "ముందు తినవే" అన్నాడు అన్నయ్య. తింది. కడుపు నిండా తిని, వెచ్చటి మూటకి అలా ఒరిగిందో లేదో, కన్ను మూతపడింది.

మెలకువ వచ్చేసరికి కౌంటరు దగ్గర మేనేజరు గొంతు. లేవబోయింది.

"మెల్లగా సార్, అమ్మ పడుకుంది" అంటోంది కూతురు.

"అయితే రోజూ ఇదే వరసా?"

"రోజూ ఇదే. మీరు భోజనాల వేళకి ముందే రండి, మీ గుడ్డలు కట్టి ఉంచుతాను. ఇదిగో, ఈ మడత చూడండి."

మేనేజరు గుడ్డని అటూ ఇటూ తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "మడత బాగానే ఉంది" అన్నాడు చివరికి. "సెలవులయ్యాక నువ్వుండవుగా? అప్పుడో?"

"సాయంత్రాలు వస్తాను సార్, ముందురోజే కట్టి పెడతాను. నేనింకెక్కడికీ వెళ్లను."

ఆవిరమ్మ కళ్లు తెరవలేదు. తెరిస్తే నీళ్లు బయటపడతాయి, నవ్వేమో అప్పటికే బయటపడిపోతోంది. అన్నయ్య పక్కకొచ్చి వంగి చూశాడు.

"ఏమే, నిద్రపోతున్నావా, నవ్వుతున్నావా?"

"నిద్రపోతున్నాను. పోయి నీ పని చూసుకో" అంది ఆవిరమ్మ, కళ్లు మూసుకునే.