నూనె తగలకూడని పట్టీలు

“ఆ ఇనుప ముక్కలకు స్నానం చేయించడం అయిందా? నా టీ సంగతి చూస్తావా?” ముందుగదిలోంచి అత్తగారు అరిచింది.

వెనకగదిలో కోడలు స్ప్రింగులకు నూనె రాస్తోంది. భర్తది మోటార్‌సైకిల్ విడిభాగాల షాపు. తయారీ ఆగిపోయిన పాత బళ్ల బ్రేకు సామాను అతని దగ్గర తప్ప దొరకదు. ఏళ్ల తరబడి చెడకుండా దాచాలి మరి. ఇనుముకు నూనె రాసి మైనపు కాగితం చుట్టాలి. రబ్బరుకు ఎండా గాలీ సోకకూడదు. బ్రేక్ షూల మీది పట్టీలకు మాత్రం నూనె చుక్క అంటకూడదు. అంటిందా, అవి చక్రాన్ని పట్టవు, జారిపోతాయి. అందుకే వాటిని ముట్టుకునే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేది. వంటా అంట్లూ అయ్యాక ఈ చాకిరీ. జీతం లేదు సరే, పేరైనా లేదు. “సరుకంతా నా చేత్తోనే సర్దుతానండీ, ఎవర్నీ నమ్మను” అని భర్త షాపులో గొప్పలు పోతాడు. ఆ చెయ్యి వెనకగది గడియ తీసిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చి నవ్వుతూ చెప్పాడు.

“మొన్న షూలు వేయించుకుందే నర్సు, వెళ్లి ఆసుపత్రి గోడకే గుద్దింది. మణికట్టు విరిగింది. బ్రేకు పట్టలేదట!”

“ఆడదానికి బండెందుకురా?” అంది అత్తగారు.

“బ్రేకనుకుని గేరు తొక్కేసుంటావమ్మా అన్నాను. పాపం, కంగారులో అదే చేసుంటానన్నా అంది.”

తల్లీకొడుకులు పడి పడి నవ్వారు. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆమెకు తెలుసు. ఆ షూలు సర్దిన రోజు ఇంటినిండా చుట్టాలు. పొయ్యికీ వెనకగదికీ మధ్య ఒకటే పరుగు. సరుకు కావాలని భర్త ఫోను మీద ఫోను. నూనె చేతుల్ని పాత గుడ్డకు తుడుచుకుని షూలు పట్టుకుంది. వేళ్ల కింద పట్టీ జారింది. జారిందని తెలిసి కూడా, ఒక్కసారికేం కొంప మునుగుతుందిలే అనుకుంది. చాకిరీ నడుం విరిచిందన్నది నిజం. ఆ నిజం ఆ పిల్ల మణికట్టును అతికిస్తుందా? ఏం విరిగినా నా పొరపాటే అనుకోవడం తనకు ఈ ఇల్లు నేర్పింది. ఆ నర్సుకు ఎవరు నేర్పారో! ఇప్పుడు తను నోరు మూసుకుంటే, ఇంకో ఆడదాని నెత్తిన ఆ పాఠం తనే రుద్దినట్టు. గరిటె గిన్నెలో పెట్టేసింది.

“ఆ రోజు పంపిన మిగతా పొట్లాలు ఏవండీ?”

“షాపులో ఉన్నాయి. ఏం?”

“వాటికి నూనె అంటింది. నా చేతుల నుంచే. ఆ అమ్మాయి పడింది కూడా దానివల్లే.”

అతని నవ్వు ఆగింది. “మెల్లగా ఏడువు! ఎవరైనా వింటే షాపు మూసుకోవాలి. గుడ్డతో తుడిచేస్తాలే.”

“పట్టీ పీల్చుకున్న నూనె తుడిస్తే పోదు.”

“నీకేం తెలుసే బ్రేకుల గురించి?”

ఆమె చెయ్యి కడుక్కుని మేకుకున్న షాపు తాళాలు తీసుకుంది. అతను గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“నా పరువు తీస్తావా? సర్దేది నేనేనని అందరికీ చెప్పుకున్నానే!”

“పని మీదేనని చెప్పుకున్నారు, ఊరుకున్నాను. తప్పు మాత్రం నాది. అది మీకివ్వను. తప్పుకోండి.”

షాపు తెరిచి ఆ పొట్లాలన్నీ విప్పింది. పట్టీలను సుత్తితో పగలగొట్టి తుక్కులో పడేసింది. ఎవరూ ఏరుకుని వాడకూడదు. అక్కణ్ణుంచి తిన్నగా నర్సు ఇంటికి నడిచింది. తిడుతుంది, తిట్టనీ. కేసు పెడుతుంది, పెట్టనీ.

కట్టుకట్టిన చేత్తోనే నర్సు తలుపు తీసింది. షాపాయన భార్యని గుర్తుపట్టి గాభరాగా నవ్వింది. “సారీ అక్కా, అన్న మీద ఊరికే అరిచాను. నాకే చేతకాలేదు.”

“లేదమ్మా,” అందామె. “నువ్వు తొక్కింది బ్రేకే.”