పలుపు పడని పడ్డ

బేరగాడు అప్పాజీ వ్యాను దిగేసరికి మా కోడలు మంజూష ఫోను పట్టుకుని గేదెల పాక ముందు నిలబడి ఉంది. పొద్దుటినుంచీ అదే పని. ఫోను చూడడం, నా వంక చూడడం.

మా గేదెల్లో రెండు ముసలివైపోయాయి. వాటి చోటుకి రావలసిన పడ్డలు, ఇంకా ఈననివి, మూడున్నాయి. చుట్టూ రొయ్యల చెరువులే, పచ్చగడ్డి దొరకదు. మూడింటినీ మేపలేం. ఒకదాన్ని అమ్మెయ్యాలి. ఏది అన్నదే పేచీ.

కిందటిసారి నేను ఏరి ఉంచిన పడ్డ ఈనాక, దూడకు పోగా చెంబుడు పాలు కూడా ఇవ్వలేదు. అప్పుడే మా అబ్బాయి హర్ష తేల్చి చెప్పేశాడు. "ఈసారి కూడా పడ్డ తప్పిందంటే పాక పీకేసి చెరువు తవ్వించేస్తానండి నాన్నగారూ. తర్వాత నన్నేం అనకండి."

పాకంతా మంజూషదే. తౌడు కలిపేదీ, పాలు కొలిచేదీ తనే. భయంకొద్దీ తను పశువుల డాక్టరమ్మను పిలిపించింది. ఆవిడ పడ్డల తోక కుచ్చుల్లోంచి వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి, దేనివి దానికే కవర్లలో పెట్టి పరీక్షకు పంపింది. వాటిలో ఉన్న జన్యువులను బట్టి, ఏ పడ్డ ఈనాక ఏపాటి పాలిస్తుందో ఇప్పుడే అంచనా కడతారట.

ఆ రిపోర్టు ఆలస్యమైంది. ఈలోగా మొన్నొకసారి నిడదవోలు వైపునుంచి అప్పాజీ బేరానికి వచ్చాడు. మొదట వాడి కన్ను నల్లపడ్డ మీద పడింది. ఒళ్లంతా నిగనిగ, కొమ్ములు జిలేబీ చుట్టలు. దాన్ని అమ్మనని చెప్పి బక్కదాన్ని చూపించాను. దానికి నుదుట తెల్లమచ్చ. కొమ్ములు సరిగా చుట్టుకోలేదు.

ధర తేలాక "మాటేనాండీ?" అన్నాడు.

"మాటే" అన్నాను.

మంజూషకు తర్వాత తెలిసింది. "రిపోర్టు వచ్చేదాకా ఆగుతారనుకున్నానండి" అని మాత్రం అంది.

ఇప్పుడు వ్యాను వచ్చింది. రిపోర్టు రాలేదు.

"కోడలమ్మగారు నన్ను చూసి కారాలూ మిరియాలూ నూరుతున్నారేంటండి రాజుగారూ?" అన్నాడు అప్పాజీ.

"ఒక్క గంట ఆగండి. డాక్టరమ్మ ఇప్పుడే పంపుతానన్నారు" అంది మంజూష.

"గంటేంటమ్మా! ఎండెక్కితే వ్యానులో గేదె సోలిపోద్దండి."

మంజూష నా వంక చూసింది. మాట ఇచ్చాను. పాకలోకి వెళ్లి బక్కదాన్ని బయటికి తోలుకొచ్చాను.

పశువును అమ్మితే మా ఇంట్లో పలుపు ఇవ్వం. మెడలోని తాడు మేం విప్పేసుకుంటాం. కొన్నవాడు తను తెచ్చిన పలుపు వేసుకుంటాడు. అది పడిందంటే అమ్మకం అయిపోయినట్టే.

ముడి విప్పాను. పలుపు నా చేతిలోకి వచ్చింది. అప్పాజీ తన తాడు సవరించుకుంటూ ముందుకొచ్చాడు.

"మావయ్యగారూ, ఆగండి!"

మంజూష పరుగున వచ్చింది. నా చెవి దగ్గరగా, ఊపిరి ఆడకుండా చెప్పింది. "రిపోర్టు వచ్చింది. పాలల్లో అన్నిటికన్నా పైన ఉన్నది ఇదేనండి. నల్లది ఆఖరు."

పడ్డ మెడ ఖాళీగా ఉంది. అప్పాజీ చేతులు దాని కొమ్ముల దాకా వచ్చి ఆగిపోయాయి.

"ఏం వచ్చిందో నాకెందుకు గానండి, మీ మాట ఫోను రాకముందుది" అన్నాడు.

"పలుపు పడలేదు" అన్నాను.

"ఓరి నాయనో! పలుపు పడకపోతే మాట పడనట్టేనాండీ? మీ నోట్లోంచి రోజుకి వచ్చేవే నాలుగు మాటలు. అందులో ఒకటి వెనక్కి లాక్కుంటే ఇంకేం మిగుల్తాయండి?"

పడ్డ గేటు వైపు అడుగు వేసింది. కొమ్ము పట్టి ఆపాను.

"మీ ఇష్టమండి" అంది మంజూష. ఆ మాట గట్టిగా అరిచి ఉన్నా బాగుండేది. నేల చూస్తూ అంది.

"నల్లదాన్ని తీసుకుపో. ఈ ధరకే" అన్నాను.

అప్పాజీ తాడు దించాడు. "ప్రాణం పోయినా అమ్మనన్నారు కదండీ దాన్ని? ఫోను దాని గురించి ఏమందేంటి?"

మంజూష చెయ్యి అడ్డంగా ఊపింది, చెప్పొద్దని. చెప్పకపోతే వాడు తోలుకుపోతాడు. పాక నిలుస్తుంది.

"వెంట్రుకల పరీక్షలో పాలు తక్కువని వచ్చిందట. మూడింట్లో అదే ఆఖరు" అన్నాను.

మంజూష కళ్లు మూసుకుంది.

అప్పాజీ కాసేపు నల్లదాన్నే చూశాడు. ఉన్నట్టుండి నవ్వేశాడు. "సంతలో కొమ్ము చూస్తారండి, నిగనిగ చూస్తారు. వెంట్రుక ఎవడు చూస్తాడు?"

"కొన్నవాడికి చెప్పు."

"ఆయ్, చెప్తానండి. చెప్పినా ఎవడూ నమ్మడు. మీరు నమ్మారేంటి?"

నల్లదాన్ని తోలుకొచ్చి నేనే పలుపు విప్పాను. అప్పాజీ తనది వేశాడు. మారాం చెయ్యకుండా వ్యాను ఎక్కింది. అది చూడలేక అటు తిరిగాను.

వ్యాను మలుపు తిరిగేదాకా మంజూష కదల్లేదు. తర్వాత మెల్లగా అడిగింది. "కోపమొచ్చిందాండీ?"

బక్కదాన్ని కట్టేస్తున్నాను. డొక్కలు లెక్కపెట్టేటట్టున్నాయి. ఎటునుంచి చూసినా నాకు ఇందులో పాలు కనపడడం లేదు.

"మీ అబ్బాయిగారు వచ్చాక ఏం చెప్పమంటారు మావయ్యగారూ?"

"చెరువు మాట ఎత్తొద్దను. దీన్ని ఈననివ్వమను" అన్నాను.