చచ్చిన పొడి

ఢిల్లీలోని ఆ సర్కారీ క్వార్టర్లకు లింగయ్య పదిహేనేళ్లుగా నీళ్ల పంపు మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. తొంభై నాలుగు వానాకాలంలో మాత్రం ఆయన కడుపులో మాటలు కుతకుత ఉడికాయి.

కారణం స్టోర్ రూములోని ఒక గోనెసంచి. నీళ్ల ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడరు అది. నెలల తరబడి మూతి తెరుచుకునే ఉంది. ఆ పొడికి బలమంతా క్లోరిన్. కట్టకుండా వదిలేస్తే అది గాలిలో కలిసిపోతుంది, మిగిలేది ఉత్త సున్నం. ఈ సంగతి లింగయ్యకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ముక్కు చెప్పింది. బతికున్న పొడి డబ్బా తెరిస్తే కళ్లు మండి నీళ్లు కారాలి. ఈ సంచిలో తల దూర్చినా తుమ్మయినా రాలేదు.

పక్కనే సీలు విప్పని కొత్త డ్రమ్ము. స్టోరు అధికారి భీమేశ్వరరావుది మాత్రం ఒకటే పాట: పాత సరుకు అయిపోయినట్టు రిజిస్టరులో ఎక్కందే కొత్తది తెరవకూడదు. లింగయ్య మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే జవాబు.

ఆగస్టులో క్వార్టర్లలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పదకొండు మంది పిల్లలు మంచాన పడ్డారు. ఆరో నంబరు అరుంధతమ్మ కొడుకు దీపును ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. మర్నాడు పొద్దున్నే భీమేశ్వరరావు లింగయ్యను స్టోరుకు పిలిపించి, ఒక కాగితం ముందుకు తోశాడు.

"పంపు మనిషి ట్యాంకులో పౌడరు వెయ్యలేదని రాశానయ్యా. కింద సంతకం పెట్టు."

"రోజూ ఏసిన సారూ. మీరిచ్చిందే ఏసిన."

"వేస్తే పిల్లలెందుకు పడతారు? పెద్ద సైంటిస్టువి బయల్దేరావు! పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. పెట్టవయ్యా, నెల్రోజులు సస్పెన్షన్, అంతే. నే చూసుకుంటాగా."

దీపుకు ఏమైనా అయితే ఆ పాపం కూడా ఈ కాగితంతోపాటు తన నెత్తినే పడుతుందని లింగయ్యకు అర్థమైంది. పెన్ను ముట్టలేదు. సంచిలోంచి గుప్పెడు పొడి తీసి, గ్లాసెడు నీళ్లలో కలిపి, కాగితం పైసగం మీద పోశాడు.

"అరే అరే! పిచ్చెక్కిందా?"

నీలం సిరా తడికి అలుక్కుపోయింది గాని, నీలం నీలంగానే ఉంది. లింగయ్య అరలోంచి గెస్ట్ హౌస్ దుప్పట్లు తెల్లబరిచే మందు సీసా అందుకుని కిందిసగం మీద ఒంపాడు. ఘాటు గుప్పుమంది. చూస్తుండగానే అక్షరాలు వెలిసి, ఆనవాలు లేకుండా పోయాయి.

"రెండిట్ల ఉండాల్సింది ఒక్కటే మందు. సీసాల బతికున్నది, సంచిల సచ్చింది. మీ గెస్టుల దుప్పట్లకున్న మందు పోరగాండ్ల నీళ్లకు లేదా?"

భీమేశ్వరరావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఠీక్ హై, కాగితం సంగతి వదిలెయ్. డ్రమ్ము మాత్రం ఎలా తెరవనయ్యా? పాతది ఇంకా సగం సంచి ఉంది. ఆడిట్‌వాళ్లు నన్ను నమిలేస్తారు."

పదకొండు మంది పిల్లలు పడకేసినా ఈయన నోట ఆడిట్ మాటే! లింగయ్య సంచిని బరబరా ఈడ్చుకుపోయి వాకిట్లో వాననీళ్లు పారుతున్న మోరీలోకి బోర్లించాడు. ఒక్క రవ్వ మిగలకుండా దులిపాడు. ఖాళీ గోనెను తెచ్చి అధికారి బల్ల మీద పడేశాడు.

"అయిపోయింది. రాస్కో. డ్రమ్ము ఇటియ్యి."