పేర్లు మార్చితే చాలు

నేను ఒక నమూనా అగ్రిమెంటుని. తొమ్మిది పొడుగు కాగితాలు, మూలకు ఆకుపచ్చ ట్యాగు, పేర్లు ఉండాల్సిన చోటల్లా తెల్లరంగు పూసిన మచ్చలు. రాజమండ్రిలో పేరి విశ్వపతి గారనే ప్లీడరు ఆఫీసులో, బీరువా పై అరలో ముప్పై ఆరేళ్లు కాపురం చేశాను. ఆ చుట్టుపక్కల సగం వ్యాపారాలు నా కడుపున పుట్టినవే. ఇప్పుడు గొప్పగా చెప్పుకోవడానికేం లేదు గాని, అలవాటు పోలేదు.

నన్ను పుట్టించింది ఒక సినిమా హాలు యజమాని కడుపుమంట. అతని దగ్గర హాలు లీజుకు తీసుకున్న పెద్దమనిషి, గడువు తీరిన రోజున కుర్చీలన్నీ బోల్టులు విప్పి లారీకి ఎత్తించుకుపోయాడు. గచ్చులో కన్నాలు మాత్రం మిగిల్చాడు. కొత్త లీజు రాయించడానికి ఆ యజమాని లబోదిబోమంటూ వస్తే, విశ్వపతి గారు కుర్చీలోంచి లేచి నిలబడి నన్ను చెప్పారు. టైపిస్టు జకరయ్య మిషను మీద కొట్టాడు. పదకొండో షరతు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు పూనకం వచ్చింది.

"గడువు తీరిన దినమున సదరు స్థలమందు నేలకు బిగించినవి, నేలలో పాతినవి, నేలతో సంబంధము గలవి యావత్తును సకల హక్కులతో యజమానికే నిరాక్షేపణీయముగా దఖలు పడవలెను."

ఇంత చెప్పినా 'కుర్చీలు' అన్న మాట ఎక్కడా పడలేదు. వస్తువును దాని పేరుతో పిలవడం ప్లీడర్లకు నామోషీ. పెళ్లాన్ని కూడా పేరు పెట్టి పిలవని కాలం అది, కుర్చీలదేముంది.

ఆ సంతకాలు అయిపోయాక నాకు సెలవు ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. బియ్యం మిల్లు లీజుకు ఒకాయన వస్తే, విశ్వపతి గారు తల ఎత్తకుండానే "హాలుది తియ్యి, పేర్లు మార్చు" అన్నారు. ఆ ఆఫీసులో అదే విద్య. జకరయ్య తెల్లరంగు సీసా మూత తీసేవాడు, నా ఒంటిమీద పాత పేర్లు మాయమయ్యేవి, కొత్తవి ఎక్కేవి. అలా నేను మిల్లునయ్యాను, ఐసు ఫ్యాక్టరీనయ్యాను, కల్యాణ మండపాన్నయ్యాను. రొయ్యల చెరువునైనప్పుడు నాలో ఏడో షరతు అలాగే ఉండిపోయింది. దాని ప్రకారం రెండో ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వకూడదు. రొయ్యలవాళ్లు ఇద్దరూ సంతకాలు పెట్టి, చేతులు కలిపి, టిఫిను తిని వెళ్లారు. రొయ్యలకు కూడా అభ్యంతరం లేకపోయింది.

నా ముప్పై మూడో ఏట హిమజ అనే జూనియరు చేరింది. తెలివైన పిల్ల. నన్ను ముందు పెట్టుకుని కంప్యూటర్లోకి ఎక్కించింది. చూసి కొట్టడానికీ చదవడానికీ చాలా తేడా ఉంది. ఆమె చూసి కొట్టింది. ఇకమీదట తెల్లరంగు ఖర్చు కూడా తప్పిందని విశ్వపతి గారు సంతోషించారు.

మరో మూడేళ్లకు వచ్చింది సలాది మంగాయమ్మ. కడియం దగ్గర నర్సరీ ఆమెది. రోడ్డు వెడల్పులో ఆమె సొంత స్థలం పోయింది. మూడెకరాలు ఐదేళ్లకు లీజుకు తీసుకుని, మొక్కలన్నీ అక్కడికి మార్చుకోవాలి. ఆ మొక్కల్లో రెండు వందల పదహారు తల్లిచెట్లు ఉన్నాయి. మామిడి, సపోటా, పనస. అంట్లు కట్టడానికి కొమ్మలు వాటినుంచే తీస్తారు. అవి ఉంటే నర్సరీ ఉన్నట్టు, లేకపోతే ఖాళీ కుండీలే. హిమజ పేర్లు మార్చింది. మర్నాడు సంతకాలు.

సంతకాల రోజునే బార్ అసోసియేషన్ హాల్లో శిక్షణ ఒకటి పెట్టారు. వ్యాపార ఒప్పందాలు తేటగా, పనికొచ్చేలా రాయడం ఎలాగో నేర్పుతారట. నేర్పడానికి హైదరాబాదు నుంచి సుల్తానా మేడం అనే ఆవిడ వచ్చింది. పాతికేళ్లు కంపెనీలకు ఒప్పందాలు రాసిన మనిషి. ప్లీడర్లు నలభై మంది వచ్చారు, ముఖ్యంగా భోజనానికి. విశ్వపతి గారు అధ్యక్షులు కాబట్టి ముందు వరసలో కూర్చుని కళ్లు మూసుకున్నారు.

ఆవిడ ముందే ఒక షరతు పెట్టింది. ప్రతివాళ్లూ తమ ఆఫీసు నమూనా ఒకటి, దాన్ని చూసి తాజాగా రాసిన ఒప్పందం ఒకటి తేవాలి. వీలైతే ఆ ఒప్పందం ఎవరికోసం రాశారో వాళ్లనీ తేవాలి. నలభై మందిలో మనిషిని తెచ్చింది హిమజ ఒక్కతే. ఎలాగూ సంతకానికి వస్తున్నారు కదా అని మంగాయమ్మను తీసుకొచ్చింది.

"చదవాల్సింది ఆమె. రాసినవాళ్లు నోరు విప్పకూడదు. అర్థం చెప్పకూడదు. అంతే," అంది సుల్తానా మేడం.

ఇంతకంటే కఠినమైన శిక్ష ప్లీడరుకు మరొకటి లేదు. మంగాయమ్మ కళ్లజోడు పెట్టుకుని కొత్త కాగితాలు అందుకుంది. నన్ను కూడా పక్కన పెట్టమంది. "ఇది దేన్ని చూసి రాశారో అదీ చూత్తానండి," అంది. ఏడో తరగతి చదువు. పెదాలు కదుపుతూ, వేలు పెట్టుకుని, ఒక్కో మాటా చదివింది. వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకాయన రెండుసార్లు "అంటే ఏంటంటేనండీ" అని లేచి, రెండుసార్లూ కూర్చున్నాడు.

పదకొండు దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. నన్ను తిరగేసి నాలోనూ చదివింది.

"నేలలో పాతినవన్నీ ఆయనకేనా అండి?"

ఇందాకటాయన మూడోసారి లేవబోయి కూర్చున్నాడు. మాట్లాడకూడదు కదా.

"నా చెట్లన్నీ నేలలోనే ఉంటాయి కదండి. మరయ్యి ఎవరియి?"

హిమజ తన వేళ్ల వైపు చూసుకుంది. ఆమె మూడేళ్లలో ఆ వాక్యాన్ని ఎన్ని ఒప్పందాల్లోకి ఎక్కించిందో ఆ వేళ్లకే తెలుసు.

విశ్వపతి గారు కళ్లు తెరిచారు. "అది నా డ్రాఫ్టు. ముప్పై ఆరేళ్లలో ఒక్కరంటే ఒక్కరు అభ్యంతరం చెప్పలేదు," అన్నారు.

"ఒక్కరైనా చదివారాండీ, సార్?" అని అడిగింది సుల్తానా మేడం. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది.

ఆయన మంగాయమ్మ వైపు చూశారు. ఆమె ఇంకా ఆ వాక్యం మీద వేలు తియ్యలేదు. ఆ వేలు నా ఒంటిమీదే ఉంది. "ఇరవై రెండేళ్లు పెంచానండి," అంది మెల్లగా. "సంతకం పెట్టేద్దునండి ఇయ్యాల."

నాకు సిగ్గేసింది. ఎవడో కుర్చీలు ఎత్తుకుపోతే పుట్టిన కోపాన్ని ముప్పై ఆరేళ్లు మోసి, ఏ పాపమూ ఎరగని మనిషి చెట్ల మీద పెట్టబోయాను.

విశ్వపతి గారు లేచి వచ్చి, నన్ను తీసుకుని, తన కలంతో పదకొండో షరతు మీద అడ్డంగా గీత కొట్టారు. నలభై మంది చూస్తుండగా. ఆయన మీద నాకు అంతకుముందు లేని గౌరవం ఆ క్షణంలో కలిగింది. "చెప్పమ్మా, రాస్తాం," అన్నారు.

ఆమె చెప్పింది. హిమజ బోర్డు మీద రాసింది. మొక్కలన్నీ మంగాయమ్మవి. గడువు తీరాక ఆమె తవ్వి తీసుకుపోతుంది. గుంతలు పూడ్చి నేల అప్పగిస్తుంది. ఇక్కడితో అయిపోయిందని ప్లీడర్లు గడియారం చూసుకుంటుంటే, ఆమె నాలో మిగతా షరతులూ చివరిదాకా చదివి, గడువు తేదీ దగ్గర ఆగింది.

"మార్చి నెలాకరంటున్నారండి. ఎండల్లో తవ్వితే చెట్టు చచ్చిపోద్దండి. వానలు పడ్డాకా, చుట్టూ గాడి తీసి, నెల్రోజులాగి, మట్టిగడ్డతో లేపాలండి."

ఆ మార్చి కూడా నాదే. సినిమా హాలుకు లైసెన్సు మార్చితో తీరేది. హిమజ తుడిచి 'ఆగస్టు ఆఖరు' అని రాసింది. నలభై మందీ పుస్తకాలు తెరిచి రాసుకోవడం నేను చూసింది అప్పుడే.

కొత్త ఒప్పందం రెండు పేజీలకు తేలింది. సాయంత్రం భూమి యజమాని దాన్ని తనే చదువుకుని, చెట్లు నాకెందుకండి, గుంతలు పూడిస్తే చాలన్నాడు. సంతకాలయ్యాయి.

నన్ను సుల్తానా మేడం అడిగి తీసుకుంది. ఇప్పుడు నేను ఆమె సంచిలో ఊరూరా తిరుగుతున్నాను. ప్రతి హాల్లో నన్ను చేతులు మార్చి చూస్తారు. ఏడో షరతు దగ్గర నవ్వుతారు, నవ్వనిస్తాను. పదకొండు మీద గీత చూసి ఎవరు కొట్టారని అడుగుతారు. రాసినాయనే కొట్టారని ఆమె చెబుతుంది.

గీతకు కాస్త పైన, మార్జిన్లో, వేలిముద్రలా మసక మరక ఒకటుంది. దాన్ని గురించి ఎవరూ అడగరు. మంగాయమ్మ వేలిది. చేతికి అంటిన మట్టి ఎంత కడిగినా పోలేదేమో. నన్ను మొదటి మాట నుంచి చివరి దాకా చదివిన మొదటి మనిషి ఆవిడ. చదివి, వద్దంది.