కృపావరం సారు ఉపవాసం

2007 ఏప్రిల్ 6, శుభ శుక్రవారం. మధ్యాహ్నం ఒకటీ నలభైకి ఆళ్లగడ్డలోని ఒక చర్చిలో సంఘ పెద్ద కృపావరం ప్రార్థనకు మోకరించి, తిరిగి లేవలేకపోయాడు. ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపి, కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన వయసు యాభై మూడు. ఉపవాసం మొదలుపెట్టి అది నలభై ఐదో రోజు.

కృపావరం ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు. పద్నాలుగేళ్లుగా చర్చిలో ప్రభు భోజనానికి ద్రాక్షారసం సిద్ధం చేసేది, గిన్నెల్లో పోసి పంచేది ఆయనే. సీసాలు పెట్టే బీరువా తాళం ఆయన దగ్గరే ఉండేది. మద్యం ముట్టడు.

జనవరిలో కడుపునొప్పి వస్తే నంద్యాలలో స్కాన్ తీయించుకున్నాడు. లివర్‌కు కొవ్వు పట్టిందని రిపోర్టు వచ్చింది. అన్నం తగ్గించాలని, పప్పు, గుడ్లు, పెరుగు మానకూడదని, రోజూ నడవాలని డాక్టరు చీటీ రాశాడు. తిరిగి వస్తుంటే బస్సులో సంజీవయ్య కలిశాడు. అతనూ సంఘ పెద్దే. కవరు తీసుకుని రిపోర్టు చదివాడు.

"ఏందప్పా, లివర్‌కు కొవ్వంట. యాడ తాగుతాండావ్? మాకూ ఒక చుక్క పోయగూడదా?"

"నేను తాగేది ఎప్పుడన్నా చూసినావా?"

"చూసేదెట్ల? బీరువా తాళం నీ దగ్గరే పెట్టుకుంటివి గదా."

వెనక సీట్లోవాళ్లు నవ్వారు. ఆదివారానికి ఆ మాట సంఘమంతా చేరింది. ద్రాక్షారసం పని కృపావరం దగ్గర ఉంచాలా, తీసేయాలా అన్నది ఏప్రిల్ 22న, ఈస్టర్ అయ్యాక, చర్చి కమిటీలో తేల్చుదామని పాస్టరు చెప్పాడు. ఆ లోపు మళ్లీ స్కాన్ తీయించుకుని, కొవ్వు లేదన్న కాగితం కమిటీ ముందు పెట్టాలని కృపావరం అనుకున్నాడు.

ఫిబ్రవరి 21న శ్రమదినాలు, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాసాల రోజులు, మొదలయ్యాయి. సంఘంలో చాలామంది ఒక పూట మానేస్తారు, ఆదివారాలు తింటారు. కృపావరం ఆదివారాలు కూడా తినలేదు. సాయంత్రం ఒక గ్లాసు గంజి, రెండు ఖర్జూరాలు తీసుకునేవాడు. భార్య హన్నమ్మ గుడ్డు ఉడకబెట్టి ముందు పెట్టింది.

"తిను. డాక్టరు రాసినాడు గదా."

"గుడ్డులో కొవ్వు ఉంటాది. నేను కరిగిస్తాంటే నువ్వు తెచ్చి పోస్తాండావా?"

"కరిగేది కొవ్వో, మనిషో. నీ కాళ్లు చూసుకున్నావా?"

పొట్ట తగ్గింది. బరువు ఎనభై నాలుగు కిలోల నుంచి అరవై ఎనిమిదికి వచ్చింది. సారు బాగా చిక్కినాడని సంఘంలో మెచ్చుకున్నారు. మార్చి మూడో వారానికి బిందె ఎత్తలేకపోయాడు. బడిలో నల్లబల్ల కింది సగంలోనే లెక్కలు వేశాడు. ఉపవాసంలో నీరసం మామూలేనన్నాడు.

ఏప్రిల్ 9న హన్నమ్మ ఆయన్ను నంద్యాల తీసుకెళ్లింది. డాక్టరు ఆయన్ను చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవమన్నాడు. కృపావరం ఒకసారి లేచాడు. రెండోసారి లేవలేకపోయాడు. స్కాన్‌లో కొవ్వు అలాగే ఉంది.

"కొవ్వు పోలేదు సార్, కండ పోయింది" అన్నాడు డాక్టరు. "తిన్నదాంట్లోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే. కండ తగ్గితే మిగిలింది లివర్‌కు చేరి కొవ్వవుతుంది. లివర్ చెడితే కండ ఇంకా తగ్గుతుంది. పస్తులుండి రెండింటినీ చెడగొట్టుకున్నారు."

"తాగనోళ్లకు కూడా ఇది వస్తాదని రాసియ్యండి సార్."

"ముందు తినండి."

"తింటా. రాసియ్యండి."

డాక్టరు రాసిచ్చాడు.

ఏప్రిల్ 20 ఉదయం కృపావరం ఇంటి గడప దాటుతూ పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. నంద్యాలలో ఆసుపత్రిలో చేర్చారు. 22న హన్నమ్మ ఆ కాగితం పట్టుకుని ఆళ్లగడ్డ వచ్చి కమిటీకి ఇచ్చింది. పాస్టరు పైకి చదివాడు.

"ఎగతాళికి అన్న మాటమ్మా అది. సారు మీద నాకేం అనుమానం లే" అన్నాడు సంజీవయ్య.

"ఎగతాళేలే అన్నా. ఆయప్పే నలభై ఐదు దినాలు తినకపాయె" అంది హన్నమ్మ.

కృపావరం మీద ఆరోపణ ఏదీ లేదని కమిటీ తీర్మానం రాసింది. నిలబడలేని మనిషి గిన్నెలు పంచలేడు కాబట్టి ఆ పని సంజీవయ్యకు అప్పగిస్తున్నట్టు, అదే పేజీలో రెండో తీర్మానం రాసింది. ఏడుగురు సంతకాలు చేశారు.

మరునాడు హన్నమ్మ ఆసుపత్రిలో రెండు తీర్మానాల సంగతీ చెప్పింది. మొదటిది మళ్లీ చెప్పమన్నాడు కృపావరం. చెప్పింది. రెండోదాని గురించి ఆయన అడగలేదు.

ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. అంతకు మించి నడవలేదు. బడికి గానీ, చర్చికి గానీ తిరిగి వెళ్లలేదు. 2008 జనవరి 11న నంద్యాలలో చనిపోయాడు. మరణ ధ్రువపత్రంలో కారణం న్యుమోనియా అని రాసి ఉంది.