కంచు ఎద్దు కదిలిన రోజు

చంకలో చీపురు పెట్టుకుని, నీళ్ళ పైపు ఈడ్చుకుంటూ ఆమె తామరకొలను మలుపు తిరిగేసరికి, గట్టు మీద ఒక తండ్రి పాపను ఎత్తుకుని చేపలు చూపిస్తున్నాడు.

"బాబూ, అక్కడ పాచి. కాస్త వెనక్కి జరగండి."

ఆయన నవ్వి జరిగాడు. చిత్రశాల వాళ్ళ శిల్పాల తోటలో అందరూ ఆమెను జాగ్రత్తమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పొట్టి మనిషి. ఎండకు వెలిసిన నీలం కోటు, మోచేతుల దాకా మట్టి. తలలేని రాతిమనిషి భుజాల మీద ఆకులు దులుపుతుంది. ఇనుప పక్షుల కాళ్ళ మధ్య గడ్డి కోస్తుంది. పెద్దగాలి వీస్తే ఆ రాతిమనిషి ఏమైపోయాడోనని నిద్రపోదు.

"పోవడానికి వాడికి తల కూడా లేదు కదమ్మా!" అని కూతురు ఏడిపిస్తుంది.

ఆ కూతురే ఇవాళ తోటలో క్రేను నడుపుతోంది. కంచు ఎద్దును వేరే ఊరి చిత్రశాలకు పంపుతున్నారు. దాన్ని అక్కడ దించాక తనూ ఆ ఊళ్ళోనే పనిలో చేరతానంటోంది. కొన్నాళ్ళుగా అడుగుతోంది. అడిగినప్పుడల్లా తల్లి తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"జాగ్రత్తమ్మా, నీకు దండం పెడతా," అన్నాడు క్రేను మేస్త్రీ, ఆమెను అడ్డంగా కట్టిన తాడుకు అవతల నిలబెట్టి. "ఎవరు 'ఆపు' అని అరిచినా క్రేను ఆగాల్సిందే. అరిచినవాళ్ళే మళ్ళీ 'కానివ్వు' అనాలి. అందాకా కదలదు. మా పనిలో పద్ధతి అది. నోరు మూసుకుంటావా?"

"నేనెందుకు అరుస్తానయ్యా? నాకేమన్నా పిచ్చా?"

పట్టీలు బిగిశాయి. ఎద్దు కాళ్ళు దిమ్మెను వదిలాయి. చిన్నప్పుడు కూతురు మధ్యాహ్నాలు దాని పొట్ట కింద నీడలో నిద్రపోయేది. ఎద్దు పిల్ల మీద పడుతుందేమోనని ఆమె పక్కనే కూర్చుని కలుపు తీసేది. ఇన్నేళ్ళూ పడని ఎద్దు ఇప్పుడు గాల్లో మెల్లగా తిరుగుతోంది.

"ఆపు!"

అందరూ బిగుసుకుపోయారు. ఎద్దు ఆగింది. కూతురు క్యాబిన్ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏమైందమ్మా?"

"బెల్టు పెట్టుకున్నావా?"

మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు.

"పెట్టుకున్నా."

"సరిగ్గా చూడు."

"చూశా. మరి ఇప్పుడు?"

కూతురి చెయ్యి మీట మీద కదలకుండా ఉంది. మెల్లగా, చూసుకుని, పడతావ్, జారుతుంది - ఇన్నేళ్ళూ ఇవే చెప్పిన నోటికి ఆ ఒక్క మాటా రావడం లేదు. కూతురు తొందరపెట్టలేదు. ఎద్దు కూడా ఓపిగ్గా వేలాడుతోంది.

"కానివ్వు," అంది. ఆమెకే వినబడలేదు. గొంతు సవరించుకుని, కొలనులో కప్పలు ఎగిరిపడేలా అరిచింది. "కానివ్వవే తల్లీ!"

ఎద్దు దూదిమూటలా లారీలో దిగింది. కూలీలు చప్పట్లు కొట్టారు. కూతురు కిందికొచ్చి, ఒక చేతి తొడుగు విప్పి దిమ్మె మీద పెట్టి, ఆ చేత్తో తల్లి చెంప మీది మట్టి తుడిచింది.

"అమ్మా, అక్కడి పని సంగతి..."

"చేరు. గది మాత్రం కింది అంతస్తులో చూసుకో. మెట్లంటే..."

"పడతాను. తెలుసు!" కూతురు నవ్వుతూ ఆమెను మట్టికోటుతో సహా వాటేసుకుంది.

లారీ, దాని వెనకే క్రేను, గేటు దాటాయి. ఖాళీ దిమ్మె మీద పసుపు తొడుగు ఒక్కటీ ఎండలో ఉండిపోయింది, వేళ్ళు ఇంకా వంచుకుని.