దీవిలో ఎవరుండాలి?

అత్తయ్య పక్క మీది తడి దుప్పటి తీసి, బకెట్లో నానేసి వచ్చేసరికి ముందు గదిలో ఓట్ల గొడవ మొదలైంది. ఆదివారం సాయంత్రమైతే మా ఇంటి మగవాళ్లు ఇంట్లో ఉండరు, దీవిలో ఉంటారు. ఓడ మునిగి దీవికి కొట్టుకొచ్చినవాళ్ల సీరియల్ అది. ఈ వారం వాళ్ల తెప్ప సిద్ధమైంది. కానీ కెప్టెన్‌కి నడుము పడిపోయింది, తెప్ప ఎక్కిస్తే అలల కుదుపుకి బతకడు. సాయం వచ్చేదాకా ఆయన దగ్గర ఒకరు ఆగిపోవాలి. ఎవరన్నది చూసేవాళ్లు ఫోన్లో ఓటేసి తేల్చాలట.

"టీచరమ్మే ఉండాలి," అన్నాడు మా ఆయన సోఫాలో కాళ్లు చాపుకుని. "ఇన్నాళ్లూ ఆయనకి అన్నీ చేసింది ఆవిడే. అలవాటైన మనిషి."

"వడ్రంగి ఉండొచ్చుగా అన్నయ్యా," అన్నాడు మరిది. "తెప్ప కట్టడం అయిపోయింది. ఇక వాడికి పనేముంది?"

"వాడుండి ఏం చేస్తాడ్రా, కెప్టెన్‌కి పక్క మారుస్తాడా?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నా చేతులకి ఇంకా సబ్బు వాసన వస్తోంది.

ఆ టీచరమ్మ తెప్ప తాళ్లు అరచేతులు ఒరుసుకుపోయేలా బిగించింది. ఒడ్డున కూర్చుని ఇంటికెళ్లాక ఏం చేయాలో తనలో తను చెప్పుకుంది. ఉండిపోతానని ఒక్కసారైనా అనలేదు. ఆవిడని అడగాలని దీవిలో ఎవరికీ తోచలేదు, మా సోఫాలోనూ తోచలేదు. నన్ను మాత్రం ఎవరడిగారు? అత్తయ్య జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పటి నుంచి నేను సెలవులో ఉన్నాను. ఈ రోజుతో ఆ సెలవు ముగుస్తుంది. రేపు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని షాపు మేడమ్ కచ్చితంగా చెప్పేసింది. మా ఆయనతో అంటే, "మానేయ్, పీడా పోతుంది. ఏమంత ఉద్యోగమని, కళ్లద్దాల షాపేగా," అన్నాడు. కళ్లద్దాల షాపే. నేను అద్దాలు బిగించి ముక్కు మీద సరిచేస్తే, ఎదురు వీధి బోర్డు గడగడా చదివేసి, చిన్నపిల్లల్లా నవ్వుతారు మనుషులు. ఆ నవ్వు కోసమే బస్సులో నలిగి నలిగి వెళ్తాను. అది చెప్పబోతే, "అమ్మని చూసుకోవడం నీకు అలవాటేగా," అని టీవీ పెట్టుకున్నాడు. అలవాటట. బెడ్‌పాన్ చేత్తో పట్టుకుని పుట్టానా నేను? మొదటి రోజు నేనూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. నాకూ చేత కాలేదు. చేయక తప్పక చేస్తే దానికి అలవాటని పేరు పెట్టారు.

టీలు తెచ్చేసరికి నా ఫోన్ మా ఆయన చేతిలో ఉంది.

"నీ ఓటు కూడా వేసేశాను. టీచరమ్మకే."

"నన్నడిగారా?"

"ఇందులో అడిగేదేముంది? నువ్వైనా అదే వేసేదానివి."

ఒళ్లు మండిపోయింది. అరుద్దామనుకున్నాను, గొంతు మాత్రం చల్లగా వచ్చింది. ట్రే బల్ల మీద పెట్టి టీవీ కట్టేశాను.

"రేపు పొద్దున నేను షాపుకి వెళ్తున్నాను. అత్తయ్య దగ్గర ఎవరుండాలో మీ అన్నదమ్ములిద్దరూ ఓటేసుకోండి."

మరిది టీవీ రిమోట్ కోసం చెయ్యి చాపాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు. "మతి పోయిందా నీకు? మగాణ్ణి, అమ్మకి ఆ పనులు నేనెలా చేస్తాను? ఆవిడకి సిగ్గుగా ఉండదూ?"

"మీకు ముడ్డి కడిగినప్పుడు ఆవిడేం సిగ్గుపడలేదు. అప్పటికి ఆవిడకీ అలవాటు లేదు, మీరే మొదటివారు. నేర్చుకుంది. మీరూ నేర్చుకుంటారు. కాకపోతే మనిషిని పెట్టండి, ఆ జీతంలో నా వాటా నేనిస్తాను. ఉద్యోగం మాత్రం వదులుకోను."

"అమ్మ వింటే ఏమనుకుంటుంది?" అన్నాడు గొంతు తగ్గించి.

గోడ అవతల మంచం కిర్రుమంది. అత్తయ్య అంతా వింటూనే ఉంది. మంచాన పడ్డాక అవసరమైనప్పుడల్లా నన్నే పిలిచిన మనిషి, దగ్గి గొంతు సవరించుకుంది.

"పెద్దోడా, నువ్వు రారా. నన్ను పక్కకి తిప్పాలి. ఎలాగో నేను చెప్తాలే."

మా ఆయన నా వైపు చూశాడు. నేను పక్కకి జరిగి ఆయనకి దారి ఇచ్చాను.